పీపీ ప్యానెల్‌కు పేరు ఇచ్చే ముందు

సంపాదకులకు,

అయ్యా,

క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ల (పీపీల) పదవీకాలం ముగిసే రోజులు దగ్గర పడ్డాయంటే నెల్లూరు, ఒంగోలు కోర్టు ఆవరణల్లో ఒకటే చర్చ. ఎవరి సిఫారసు లెటరు పట్టుకుంటే పని అవుతుంది, ఏ నాయకుడి ఇంటి ముందు నిలబడాలి, ఈసారి ఏ కులానికి ఇస్తారు. ఆ కుర్చీలో కూర్చుని చేయాల్సిన పని ఏమిటి, దానికి మనం సరిపోతామా అన్న మాట మాత్రం ఎక్కడా వినపడదు. దరఖాస్తు పెట్టాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్న ఏడెనిమిదేళ్ల ప్రాక్టీసు ఉన్న న్యాయవాదుల కోసం, ఆ పదవి ఎవరికి పోతే తమకేం తేడా అనుకునే మామూలు జనం కోసం ఈ లేఖ రాస్తున్నాం.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన రెండు జిల్లాల్లో తక్కువేం కాదు. అక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీ పదవికి పోటీలు, ప్రచారాలు జరుగుతాయని విని, మన దగ్గరా పీపీని జనమే ఎన్నుకుంటే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. అక్కడ కూడా అన్ని రాష్ట్రాల్లో ఎన్నిక లేదు. న్యూజెర్సీ, కనెక్టికట్, అలాస్కాల్లో నియామకమే. ఎన్నిక మనకు వద్దనే మా అభిప్రాయం. రేపటి ఓటు మీద కన్నేసిన ప్రాసిక్యూటర్ బెయిలు పిటిషన్ మీద నిష్పక్షంగా మాట్లాడలేడు. అయితే అక్కడ పోటీకి దిగినవాడు జనం ముందుకొచ్చి తన అనుభవం ఎంతో, ఎలాంటి కేసులు నడిపాడో చెప్పుకోక తప్పదు. ఎదుటివాడు అడిగితే జవాబు చెప్పాలి. మన దగ్గర హత్య లాంటి పెద్ద నేరాలు విచారించే సెషన్స్ కోర్టు పీపీ విషయంలో ఆ అడగడం ఏ దశలోనూ లేదు. అందుకే ఆ ప్రశ్నలేవో ఎవరికి వారే వేసుకోవాలి.

ముందు దారులు తెలియాలి. మేజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడేది అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ఏపీపీ. ఇది పరీక్ష రాసి తెచ్చుకునే పర్మినెంట్ ఉద్యోగం. రాష్ట్ర పోలీసు నియామక మండలి నోటిఫికేషన్ ఇస్తుంది. లా డిగ్రీతో పాటు క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. ఆబ్జెక్టివ్ పేపరు, వివరంగా రాసే పేపరు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. 2025లో 42 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఇలాంటి ప్రకటనలు ఏటా వచ్చేవి కావు కాబట్టి, వచ్చాక చదువుదాంలే అనుకుంటే కుదరదు. చేరితే సొంత ప్రాక్టీసు పూర్తిగా మానుకోవాలి, బదిలీలకు సిద్ధపడాలి. ఉద్యోగ భద్రత కావాలి, సిఫారసుల గొడవ వద్దు అనుకునే యువ న్యాయవాదులకు మేం చెప్పేది ఈ దారే.

సెషన్స్ కోర్టులో పీపీ, అడిషనల్ పీపీల సంగతి వేరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 18వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, సెషన్స్ జడ్జిని సంప్రదించి తగినవారి పేర్లతో ప్యానెల్ తయారు చేయాలి. ప్యానెల్‌లో పేరు లేనివారిని ప్రభుత్వం నియమించకూడదు. న్యాయవాదిగా కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఏపీపీగా పనిచేసిన కాలం కూడా ఈ ఏడేళ్లలోకి వస్తుంది. మన రాష్ట్రంలో న్యాయశాఖ జీవో ఇస్తుంది, పదవీకాలం మూడేళ్లు. గడువు తీరకముందే తప్పించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఏదైనా ఒక కేసు కోసం స్పెషల్ పీపీని వేయాలంటే పదేళ్ల ప్రాక్టీసు కావాలి. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) కోర్టు, ఎస్సీ ఎస్టీ కోర్టు స్పెషల్ పీపీలకు ఆయా చట్టాలే ఏడేళ్లని చెబుతున్నాయి.

చట్టం ప్రకారం ఏడేళ్లు సివిల్ దావాలు వేసుకున్నవాడికీ అర్హత ఉంటుంది. అసలు చిక్కు ఇక్కడే. భాగ పంపిణీ దావాలు, ఇంజంక్షన్లు తప్ప ఒక్క సెషన్స్ విచారణ కూడా మొదటి సాక్షి నుంచి తీర్పు దాకా నడపని న్యాయవాది చేతికి హత్య కేసు ఫైలు వస్తే, దెబ్బ తినేది అతను కాదు. చనిపోయినవాడి ఇంటివాళ్లు.

కాబట్టి దరఖాస్తు రాయకముందు ఒక పని చేయండి. మీరు ముద్దాయి తరఫున వకాల్తా వేసి ఉన్న పెండింగ్ కేసులన్నీ ఏ కోర్టులో ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. రేపు అదే కోర్టుకు మీరే అడిషనల్ పీపీ అయితే ఆ కేసుల్లో ప్రభుత్వం తరఫున నిలబడడానికి వీల్లేదు. వాటిని మరో ప్రాసిక్యూటర్ చూడాల్సి వస్తుంది. నెల్లూరు, ఒంగోలుల్లో కోర్టులు ఎక్కువ కాబట్టి సర్దుబాటు చేయొచ్చు. కందుకూరు, మార్కాపురం లాంటి చోట సగం క్యాలెండరు మీ పాత కేసులదే అయితే వాయిదాలు తప్ప ఏమీ జరగదు. అలాంటి పరిస్థితిలో ఉన్నవారు వేరే చోటి కోర్టుకు పేరు ఇవ్వడం మంచిది. డబ్బు సంగతీ చూసుకోవాలి. చేతికి వచ్చేది గౌరవ వేతనం. బిల్లు పెట్టి, ట్రెజరీ దారిన రావాలి. ఠంచనుగా ఒకటో తారీకు వస్తుందని ఇంటి లెక్క వేసుకోవద్దు. ఈ మూడేళ్లలో క్రిమినల్ పక్క మీ దగ్గరికొచ్చే పార్టీలు ఇంకొకరిని చూసుకుంటారు. పదవి దిగాక మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే. ఈ నష్టాన్ని ముద్దాయిల దగ్గర పూడ్చుకోవచ్చులే అన్న ఆలోచన మనసులో ఏ మూలన ఉన్నా, దయచేసి పేరు ఇవ్వకండి.

ఇక పని. వాదనలు బాగా చెబితే పీపీగా రాణించవచ్చని చాలామంది అనుకుంటారు. సెషన్స్ కేసు గెలిచేదీ ఓడేదీ వాదనల రోజు కాదు, సాక్షి బోనెక్కిన అరగంటలో. సాక్షి ఎదురు తిరిగినప్పుడు ఏం చేయాలో చూడండి. పోలీసులకు చూశానని చెప్పినవాడు కోర్టులో నాకేం తెలియదంటాడు. పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియమం 157వ సెక్షన్ కింద కోర్టు అనుమతి తీసుకుని పీపీ అతన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయాలి. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలంలో పనికొచ్చే వాక్యాలను యథాతథంగా చదివి వినిపించి, ఇలా చెప్పావా లేదా అని అడగాలి. చెప్పలేదన్న జవాబును రికార్డు చేయించాలి. ఆ భాగానికి ఎగ్జిబిట్ నంబరు వేయించాలి. ఇంతవరకు చాలామంది చేస్తారు. నెలలు గడిచాక దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఆ సాక్షి నా దగ్గర ఆ మాటలే చెప్పాడు అని ఆయన నోట పలికించడం మరిచిపోతారు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే వేయించిన ఎగ్జిబిట్ నంబరు వృథా, వైరుధ్యం రుజువు కానట్టే. దీనికి మందు సులువు. ఎదురు తిరిగిన సాక్షులు ఎవరు, వారి వాంగ్మూలంలో మార్కు చేసిన భాగాలేవి అన్న పట్టిక ఒకటి ఫైలు అట్ట లోపల అంటించుకుని, దర్యాప్తు అధికారిని పీపీ ప్రశ్నించే (చీఫ్) రోజున దాన్ని ముందు పెట్టుకోవాలి.

ఎదురు తిరిగిన సాక్షి మాట మొత్తం చెత్తబుట్టలో వేయక్కర్లేదని, మిగతా ఆధారాలతో సరిపోయే భాగాన్ని తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1970ల నాటి భగవాన్ సింగ్ కేసు నుంచీ చెబుతూనే ఉంది. సాక్షి ఎదురు తిరగ్గానే పుస్తకం మూసేసే పీపీకి ఈ సంగతి తెలియదనుకోవాలా? పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటే నమోదు చేయాలని ఇప్పుడు సురక్షా సంహిత 183వ సెక్షన్ చెబుతోంది. ఆ పని జరిగిందో లేదో చార్జిషీటు దశలోనే చూసుకుంటే తర్వాత సగం బాధ తప్పుతుంది.

మన జిల్లాల కేసుల తీరు కూడా తెలిసి ఉండాలి. పదహారో నంబరు జాతీయ రహదారి ఒంగోలు నుంచి కావలి, నెల్లూరు మీదుగా తడ దాకా పోతుంది. గంజాయి రవాణా కేసులూ, లారీలు గుద్దిన కేసులూ ఆ దారి వెంటే పుడతాయి. మాదకద్రవ్యాల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అందులోని 37వ సెక్షన్ వల్ల బెయిలు కష్టం, శిక్ష పదేళ్ల నుంచి మొదలు. అంత పెద్ద కేసు చిన్న కాగితం దగ్గర పోతుంది. 52ఎ సెక్షన్ కింద సరుకు జాబితాను మేజిస్ట్రేట్ ధ్రువీకరించాలి, నమూనాలు మేజిస్ట్రేట్ సమక్షంలోనే తీయాలి. 2022 నిబంధనల ప్రకారం గంజాయి అయితే ఒక్కో నమూనా 24 గ్రాములకు తగ్గకూడదు, రెండేసి తీయాలి. రోడ్డు పక్కనే నమూనాలు తీసి నేరుగా ల్యాబుకు పంపిన ఫైలు వస్తే, పీపీ దాన్ని చార్జిషీటు వేశాక కాదు, ముసాయిదా దశలోనే పట్టుకోవాలి. ముద్ర నమూనా, మాల్ఖానా (జప్తు సరుకు దాచే గది) రిజిస్టరు, ల్యాబు రశీదు మూడింటిలో తేదీలు కలవాలి. బస్తా మీద ముద్ర ఒకటి, ల్యాబు నివేదికలో రాసిన ముద్ర మరొకటి అయితే మిగతా ఫైలు ఎంత బాగున్నా లాభం లేదు.

ఇదే చట్టంలో 180 రోజులకు దర్యాప్తు పూర్తికాకపోతే గడువు పొడిగింపు అడిగేది పోలీసులు కాదు, పీపీ. దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, ముద్దాయిని ఇంకా ఎందుకు లోపల ఉంచాలి అన్న కారణాలతో పీపీ సొంతంగా నివేదిక ఇవ్వాలి. సీఐ ఇచ్చిన అర్జీ మీద సంతకం పెట్టి పంపేస్తే అది నివేదిక కాదు. ఇలాంటి గడువు పొడిగింపుల విషయంలోనే, పీపీ కేవలం పోస్టాఫీసు కాదని 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సంతకం ఒక్కదాని వల్ల ముద్దాయి బెయిలు మీద బయటికి పోయే ప్రమాదం ఉంది.

రోడ్డు ప్రమాదం కేసులు మేజిస్ట్రేట్ కోర్టుల్లో ఉంటాయి కాబట్టి ఇది ఏపీపీల పని. ఇప్పుడు, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద శిక్ష అయిదేళ్ల దాకా ఉంది. అయినా కేసులు పోయేది ఎక్కువగా ఒకే చోట. ఆ సమయంలో బండి నడిపింది ఎవరో రుజువు కాదు. చూసినవాళ్లు లారీ నంబరు చెబుతారు, డ్రైవరు మొహం చెప్పలేరు. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద యజమానికి నోటీసు ఇచ్చి, ఆ రోజు డ్రైవరు ఫలానా అన్న లిఖితపూర్వక జవాబు తెప్పించి, యజమానిని సాక్షిగా పెడితే ఈ ఖాళీ పూడుతుంది. సాక్షుల జాబితాలో యజమాని లేని చార్జిషీటు చూడగానే ఏపీపీ వెనక్కి పంపాలి.

ఫోన్ వీడియోలు, సీసీ కెమెరా దృశ్యాలు లేని కేసు ఇప్పుడు అరుదు. సోదా, జప్తు వీడియో తీయడం సురక్షా సంహిత 105వ సెక్షన్ తప్పనిసరి చేసింది. పెన్ డ్రైవ్ ఇస్తే సరిపోదు. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో మొదటి భాగం పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాయాలి. కిరాణా కొట్టు కెమెరా నుంచి తీసిన దృశ్యానికి కొట్టు యజమాని సంతకం బదులు కానిస్టేబుల్ సంతకం ఉన్న సర్టిఫికెట్లు వస్తుంటాయి. విచారణ మొదలయ్యాక ఆ కొట్టు మూతపడి ఉంటుంది, యజమాని దొరకడు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి ఇంకా కొన్నేళ్లు రెండు రకాల చట్టాలూ చేతిలో ఉంచుకోవాల్సిందే.

సాక్షులతో మాట్లాడడం గురించి ఒక మాట. ఉదయగిరి పక్క పల్లె నుంచి నెల్లూరు కోర్టుకు వచ్చే కూలీ మనిషికి ఆ రోజు పని పోతుంది. సాక్షికి బత్తా (దారి ఖర్చులు) ఇస్తారని కూడా తెలియదు. పది గంటలకు వచ్చి, సాయంత్రం దాకా వరండాలో నిలబడి, వాయిదా పడిందని విని వెళ్లిపోతాడు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి సమన్లు తీసుకోడు, లేదా ముద్దాయి వాళ్లతో ఊళ్లోనే రాజీ పడి వస్తాడు. ముందురోజు కోర్టు కానిస్టేబుల్ చేత ఫోను చేయించి, ఉదయమే కూర్చోబెట్టి అతని వాంగ్మూలం అతనికి చదివి వినిపించి, కోర్టులో ఎవరెవరు ఉంటారో చెప్పి, బత్తా బిల్లు అదే రోజు పెట్టించే పీపీ ఉన్న కోర్టులో సాక్షులు నిలబడతారు. ఏం చెప్పాలో నేర్పకూడదు. జ్ఞాపకం చేసుకోనివ్వడం మాత్రం తప్పు కాదు. పోక్సో కేసుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. పిల్లల్ని పీపీ నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్న జడ్జికి ఇస్తే ఆయనే అడుగుతారు. ఈ సంగతి తెలియక గొంతు పెంచేవాళ్లు ఆ కోర్టుకు పనికిరారు.

ఆలస్యం ఏం చేస్తుందో ప్రకాశం జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1985 జూలై 17న, అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపిన కేసులో కింది కోర్టు శిక్షలు వేస్తే హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు మళ్లీ శిక్షలు ఖాయం చేసేసరికి 2008 వచ్చింది. అన్నేళ్ల తర్వాత కూడా పై కోర్టులో నిలబడడానికి కేసుకు ఆధారం కింది కోర్టులో సాక్షి నోట రికార్డయిన మాటలే. కేసు ఓడిన రోజున పీపీ పని అయిపోదు. తీర్పు నకలు వెంటనే తెప్పించి, అప్పీలు వేయదగ్గదో కాదో రాసి పంపాలి. రాష్ట్రం అప్పీలుకు గడువు 90 రోజులు. చాలా ఫైళ్లలో ఆ రోజులు నకలు కోసం, అభిప్రాయం కోసం తిరగడంలోనే కరిగిపోతాయి. ప్రతి కేసు కొట్టివేతకూ కారణం వెతికి, లోపం ఎవరిదో తేల్చే యంత్రాంగం ఉండాలని 2014లో కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అన్నిటికంటే కష్టమైన ఘడియ కేసు ఉపసంహరణ అడిగినప్పుడు వస్తుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ధర్నా కేసులు, ఎన్నికల గొడవల కేసులు ఎత్తేయమని జీవోలు వస్తాయి. సురక్షా సంహిత 360వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది ప్రభుత్వానికి కాదు, ఆ కేసు చూస్తున్న పీపీకి, అదీ కోర్టు సమ్మతితో. ఫైలు చదివి, ప్రజాప్రయోజనం ఉందని తనకు తాను నమ్మితేనే పిటిషన్ వేయాలి. బాధితుడి మాట వినకుండా కోర్టు అనుమతించకూడదని కొత్త చట్టం చేర్చింది. ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులైతే హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. లెటరు ఇచ్చి పదవి ఇప్పించిన నాయకుడే ఆ కేసులో ముద్దాయి అయితే ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు ప్యానెల్‌లో పేరు ఇచ్చే రోజునే మనసులో సిద్ధంగా ఉండాలి. శిక్ష పడేలా చేయడమొక్కటే పీపీ పని కాదని, ముద్దాయికి మేలు చేసే ఆధారం ఉంటే దాన్నీ కోర్టు ముందుంచాలని 1999లో శివకుమార్ కేసులో చెప్పిందీ సుప్రీంకోర్టే.

మీరు ఈ పనికి తగినవారో కాదో తెలుసుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో మన జిల్లా సెషన్స్ కోర్టుల తీర్పులు ఉచితంగా దొరుకుతాయి. ముద్దాయిని విడుదల చేసిన తీర్పులు ఒక పది తీసి చదవండి. ఒక్కోదానిలో కేసు ఎక్కడ పోయిందో ఒక వాక్యంలో రాయండి. గుర్తింపు పరేడా, మధ్యవర్తులు (పంచనామా సాక్షులు) ఎదురు తిరగడమా, ఫోరెన్సిక్ నివేదిక రాకపోవడమా, డాక్టర్ని సరిగా అడగకపోవడమా. వాటిలో పీపీ ముందే పట్టుకోగలిగినవి ఏవో పక్కన గుర్తు పెట్టండి. ఈ పని రెండో తీర్పుకే విసుగనిపిస్తే దరఖాస్తు మానుకోండి. రాత్రి భోజనం చేశాక కూడా అదే ఆలోచన వెంటాడితే మీలాంటివారే కావాలి, లెటరు లేకపోయినా పేరు ఇవ్వండి.

అధికారులను అడిగేది కొంచెమే. ప్యానెల్ వేస్తున్నట్టు రెండు జిల్లాల అన్ని బార్ అసోసియేషన్లకు లిఖితపూర్వకంగా తెలపాలి, కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలి. ప్రతి దరఖాస్తుదారు తాను స్వయంగా నడిపిన సెషన్స్ విచారణల నంబర్లు, వాటి ఫలితాలు, తన మీద ఉన్న క్రిమినల్ కేసులు, ముద్దాయిల తరఫున వకాల్తా ఉన్న పెండింగ్ కేసులు అఫిడవిట్‌గా ఇవ్వాలి. సెషన్స్ జడ్జి అభిప్రాయం ఫోనులో కాదు, ఒక్కో పేరుకూ విడిగా కాగితం మీద ఉండాలి. ప్రభుత్వ న్యాయవాదుల నియామకం ప్రతిభ చూసి, పారదర్శకంగా జరగాలని పంజాబ్ ప్రభుత్వ కేసులో 2016 మార్చిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. వచ్చే ప్యానెల్ నుంచే ఈ పద్ధతి పెట్టాలని నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లను, ప్రధాన జిల్లా జడ్జీలను కోరుతున్నాం.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్న కొందరు న్యాయవాదులు